బరువు తగ్గించు శస్త్రచికిత్స పిదప గ్రామమున జీవనము

ఇటీవలి సంవత్సరములలో మన గ్రామములనుండియు కొందరు స్త్రీపురుషులు నగరములకు పోయి, మితిమీరిన బరువును తగ్గించుకొనుటకై కడుపునకు శస్త్రచికిత్స చేయించుకొని వచ్చుచున్నారు. ఈ వార్త ఊరిలో పొక్కినపుడు రెండు తెరగుల మాటలు వినవచ్చుచుండును. “డబ్బు ఎక్కువై చేయించుకొన్నాడు” అని కొందరందురు. “కొవ్వంతయు కోసి తీసివేసినారట, ఇక ఏమి తిన్నను పరవాలేదు” అని మరికొందరందురు. రెండును సరికావు. ఈ శస్త్రచికిత్సలో కొవ్వును కోసి తీయుట జరుగదు. ఏమి తిన్నను పరవాలేదనుట ప్రాణము మీదికి తెచ్చు మాట. ఆసుపత్రిలో కొలది దినములలో ముగిసిన పని, ఇంటికి వచ్చిన పిదప జీవితాంతము సాగవలసియున్నది. అట్లు సాగుటకు ఇరుగుపొరుగువారి మాటలు, విందు పంక్తులు, ఊరి వైద్యుని మందుల సంచి తోడ్పడవచ్చును, అడ్డుపడనూవచ్చును. కావుననే ఈ పాఠమును రోగులకొరకు గాక పంచాయతీ సభ్యులకొరకు వ్రాయుచున్నాము.

స్థూలకాయము పట్టణవాసుల జాడ్యమని తలంచు కాలము గతించినది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15 మొదలు 49 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 36 మంది, తెలంగాణలో నూటికి 30 మంది ఉండవలసినదానికంటె అధికమైన బరువు గలవారు. వీరిలో అత్యధికులకు శస్త్రచికిత్స అక్కరలేదు. ఆహారము, శ్రమ, మందులు చాలును. ఎవరికి అవసరమో తెలిసికొనుటకు వైద్యులు ఒక లెక్క వేయుదురు. ఎత్తును మీటర్లలో తీసికొని, దానిని దానితోనే హెచ్చించి, వచ్చిన లబ్ధముచేత కిలోల బరువును భాగింతురు. 1.60 మీటర్ల ఎత్తు, 96 కిలోల బరువుగల మనుష్యునకు ఈ అంకె 37.5 అగును. 35 దాటినవారికి శస్త్రచికిత్స తగునని, మధుమేహము వంటి జబ్బున్నచో 30 దాటినవారి విషయమునను ఆలోచింపవచ్చునని 2022లో ఈ విద్యకు సంబంధించిన అమెరికా సంఘమును, అంతర్జాతీయ సంఘమును కలసి సూచించినవి. మన ఆసియా వాసులకు తక్కువ బరువునకే మధుమేహము పట్టుచున్నందున, 27.5 దాటినవారికిని దీనిని సూచింపవచ్చునని చెప్పినవి. కాబట్టి చూపులకు అంత లావుగా కనిపింపని మనిషి ఈ చికిత్స చేయించుకొని వచ్చినను ఆశ్చర్యపడి ఆరాలు తీయనక్కరలేదు.

చేయు పద్ధతులలో రెండు ముఖ్యమైనవి. మొదటిదానిలో జీర్ణాశయమును నిలువుగా కోసి, అయిదింట నాలుగు వంతులు తీసివేసి, అరటికాయవంటి సన్నని గొట్టమును మిగుల్తురు. దీనిని స్లీవ్ అందురు. రెండవదానిలో జీర్ణాశయపు పైభాగమున 30 మిల్లీలీటర్లు పట్టునంతటి చిన్న సంచిని వేరుచేసి, దానిని చిన్నప్రేగు దిగువభాగముతో కలుపుదురు. ఆహారము మిగిలిన జీర్ణాశయమును, చిన్నప్రేగు మొదటి భాగమును తాకక, ఊరి వెలుపలి రోడ్డున పోవు బస్సువలె దాటిపోవును. అందుచేతనే దీనికి బైపాసు అను పేరు వచ్చినది. (గుండెకు చేయు బైపాసుతో దీనికి పేరులో తప్ప పొత్తు లేదు. “గుండె ఆపరేషను చేయించుకొన్నాడట” అని పుకారు లేచుటకు ఈ పేరే కారణము.) అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున ఎడ్వర్డ్ మేసన్ అను శస్త్రవైద్యుడు 1966లో ఇట్టి చికిత్సను ప్రారంభించెను.

ఫలితము ఉన్నదా యనిన, ఉన్నది. స్వీడను దేశమున 1987లో మొదలిడిన ఒక పరిశీలనలో శస్త్రచికిత్స పొందిన 2,010 మందిని, పొందని 2,037 మందిని ఏండ్ల తరబడి గమనించిరి. 2007లో ప్రకటించిన ఫలితముల ప్రకారము, వయస్సు మున్నగు భేదములను సరిచూచిన పిదప, శస్త్రచికిత్స పొందినవారిలో మరణములు నూటికి 29 వంతులు తక్కువ. ఐతే అదే పరిశీలన మరియొక సంగతిని కూడ తెలిపినది. బరువు ఒకటి రెండు సంవత్సరముల వరకు దిగి, ఆ పిదప కొంత మరల పెరుగుచున్నది. అట్లు కొంత పెరిగినంత మాత్రమున ఆపరేషను వ్యర్థమైనదని గాని, ఆ మనిషి తిండిపోతని గాని అనరాదు. అది శరీరధర్మము. ఎంత పెరుగునన్నది మాత్రము చాలవరకు అలవాట్లమీద ఆధారపడియుండును.

ఇంటికి వచ్చిన తొలి వారములు

మొదటి దినములలో నీరు, పప్పుకట్టు, తేరిన మజ్జిగ వంటివి. పిదప పాలు, పలుచని రాగిజావ. మూడవ వారము మొదలు మెత్తగా మెదిపిన పప్పు, పెరుగు, బాగుగా మెదిపిన గ్రుడ్డు. సుమారు ఆరు మొదలు ఎనిమిది వారములకు మామూలు ఆహారము. ఇది స్థూలమైన క్రమము. ఆసుపత్రివారు ఇచ్చిన కాగితములో దినములు కొంచెము వేరుగా ఉన్నచో ఆ కాగితమే ప్రమాణము. ఆ కాగితము తరచుగా ఇంగ్లీషులో నుండును. చదువువచ్చిన సభ్యుడొకడు దానిని ఇంటివారికి తెలుగులో చదివి వినిపించుట గొప్ప సహాయము.

ఈ దశలో మన ఇండ్లలోని పథ్యపు పట్టింపులతో చిక్కు వచ్చును. ఏ ఆపరేషనైనను పప్పు తినిన పుండు చీము పట్టునని, గ్రుడ్డు వేడి చేయునని, నీళ్లు ఎక్కువ త్రాగరాదని పెద్దవారు కట్టడిచేసి, నెయ్యి వేసిన కారపు అన్నము రెండు పూటల పెట్టుదురు. వారి ఆపేక్షను మేము శంకించుట లేదు. కాని గాయము మానుటకు కావలసిన మాంసకృత్తులు పప్పులోను, గ్రుడ్డులోను, పాలలోనే యున్నవి. నీరు చాలకపోయినచో మూత్రపిండములు దెబ్బతినును, కాళ్లలో రక్తము గడ్డకట్టును. దినమునకు లీటరున్నర నీరు గ్రుక్క గ్రుక్కగా త్రాగవలెను. మంచము పట్టియుండక మొదటిదినము నుండియే కొంచెము కొంచెముగా నడువవలెను. ధాన్యపు బస్తాలు, నీళ్లబిందెలు ఎత్తుట, మట్టిపని వంటివి మాత్రము నాలుగు మొదలు ఆరు వారముల వరకు పనికిరావు.

మధుమేహము, రక్తపోటు ఉన్నవారి మందులు ఈ దినములలోనే మారవలసియుండును. బైపాసు పిదప రక్తములో చక్కెర కొలది దినములకే తగ్గిపోవచ్చును. అటువంటి మనిషి పాత అలవాటుచొప్పున పాత మోతాదులో ఇన్సులిన్ సూది వేసికొనినచో చక్కెర పడిపోయి స్పృహ తప్పును. మందును తనంతట మానుటయు తప్పే. డాక్టరు చెప్పిన కొత్త మోతాదు ఏదియో కనుగొని దానిని పాటింపవలెను.

2009లో ప్రకటింపబడిన ఒక అమెరికా పరిశీలనలో 4,776 మందిని గమనింపగా, 30 దినములలోపల మరణించినవారు వేయికి ముగ్గురు. సంఖ్య చిన్నది, కాని ఆ ముగ్గురిలో ఒకడు మన ఊరివాడు కాకూడదు. కుట్టువద్ద కారుట వలన జ్వరము, గుండెదడ, ఆయాసము, కడుపునొప్పి కలుగును. కాలి పిక్క వాచి నొప్పిపుట్టుట రక్తపు గడ్డకు గురుతు. ఈ లక్షణములకు “గ్యాసు” అని పేరుపెట్టి ఒక సూది వేయించి పడుకొనబెట్టిన రాత్రియే ఆపద తెచ్చు రాత్రి. 108 వాహనమును పిలిపించి, ఆపరేషను చేసిన ఆసుపత్రికి ఫోను చేయవలెను. బైపాసు చేయించుకొన్నవారికి ఏండ్లు గడచిన పిదప కూడ ప్రేగు మెలిపడి, మెలిపెట్టునట్టి కడుపునొప్పి రావచ్చును. అప్పుడు చూచు డాక్టరునకు పాత ఆపరేషను సంగతి మొదటి మాటగా చెప్పవలెను.

ఇక వాంతుల సంగతి. ఆత్రముగా తినినను, నమలక మ్రింగినను ఒకటి రెండు వాంతులగుట కలదు. కాని దినముల తరబడి వాంతులు తెగకున్నచో వేరొక ప్రమాదము పొంచియుండును. థయమిను అను బి1 విటమిను మన శరీరములో రెండు మూడు వారములకంటె ఎక్కువ నిలువ యుండదు. అది అయిపోయినచో నడక తూలును, ఒక్క వస్తువు రెండుగా కనబడును, మాట తడబడి మతి తప్పును. ఊరిలో దీనికి గాలి సోకినదనియో, దిష్టి తగిలినదనియో అర్థము చెప్పుదురు. సకాలమున థయమిను ఎక్కించినచో తేరుకొను రోగము, ఆలస్యమైనచో జ్ఞాపకశక్తిని శాశ్వతముగా హరించును. మరియొక హెచ్చరిక: వాంతులతో నీరసించినవానికి మొట్టమొదట గ్లూకోసు సీసా ఎక్కించుట మన ఆర్.ఎం.పి. వైద్యుల వాడుక. థయమిను లేని శరీరమునకు వట్టి గ్లూకోసు పోసినచో ఈ జబ్బు మరింత ముదురును. థయమిను ముందు, లేదా దానితోపాటు ఇయ్యవలెను. ఈ ఒక్క వాక్యము ఊరిలోని వైద్యులందరి చెవిని పడునట్లు చూచినను ఈ పాఠము వ్రాసినందుకు ఫలము దక్కినదని తలంతుము.

పంక్తిలో కూర్చున్నపుడు

స్లీవ్ అయినవాని జీర్ణాశయము ఒక టీ గ్లాసెడు. బైపాసు అయినవానిది ఇంకను చిన్నది. ఆ కొలది చోటును అన్నముతో నింపినచో మాంసకృత్తులకు తావుండదు. కండ కరగిపోవును, జుట్టు రాలును. (మూడు మొదలు ఆరు నెలల మధ్య కొంత జుట్టు రాలుట సాధారణమే, చాలవరకు మరల మొలచును.) దినమునకు కనీసము 60 గ్రాముల మాంసకృత్తులు కావలెను. ఒక గ్రుడ్డులో 6 గ్రాములు, పావు లీటరు పాలలో 8 గ్రాములు, 100 గ్రాముల పచ్చి కందిపప్పులో 22 గ్రాములు ఉండును. చికెను, చేప తినువారికి ఈ లెక్క సులభము. శాకాహారులు పెసలు, సెనగలు, సోయా, పెరుగు, పన్నీరులతో కష్టపడి నింపుకొనవలెను. అన్నములో పప్పు కలుపుకొను మన ఆచారము తలక్రిందులై, పప్పులో అన్నము కలుపుకొను వాడుక రావలెను. ముద్దను మెత్తగా నమలి ఇరువది నిమిషములైనను తీసికొని తినవలెను. భోజనముతో నీళ్లు త్రాగరాదు. ముగిసిన అరగంటకు త్రాగవలెను. విస్తరి పక్కన నీళ్లగ్లాసు లేనిదే భోజనము కాదనుకొను మనకు ఇది చిన్న మార్పు కాదు.

తీపి వస్తువులు మరియొక విధమైన శత్రువులు. బైపాసు అయినవారు బూరె, జిలేబి, లడ్డు, పానకము, సీసా పానీయములు తీసికొనినచో, ఆ చక్కెర ఒక్కపెట్టున ప్రేగులోనికి దిగి పది మొదలు ముప్పది నిమిషములలో గుండెదడ, చెమట, కళ్లు తిరుగుట, విరేచనములు కలుగవచ్చును. కొందరికి గంట మొదలు మూడు గంటల పిదప రక్తములో చక్కెర పడిపోయి నిస్త్రాణ వచ్చును. దీనిని డంపింగ్ అందురు. పెండ్లి విందులో “మా ఇంటి శుభకార్యము, ఒక్కటైనను తినకపోయిన మాకు చిన్నతనము” అని చేయి పట్టుకొని విస్తరిలో లడ్డు వేయుట మన మర్యాద. ఆ మర్యాదకు లొంగి తినినవాడు పందిరి వెనుక కూలబడును. కొసరి వడ్డించుట ప్రేమకు గురుతే; వడ్డించినదంతయు తినవలెనని పట్టుబట్టుట మాత్రము ప్రేమ కాదు. పంక్తికి మొదట కూర్చుండు సర్పంచిగాని, సభ్యుడుగాని “ఆయనకు చాలునన్నారు, విడిచిపెట్టుము” అని ఒక్క మాట అనినచో, ఆ మాట పదిమంది డాక్టర్ల సలహాకంటె ఎక్కువ పనిచేయును.

సాయంకాలపు కల్లు, సారా పంక్తులను గూర్చియు చెప్పవలసియున్నది. బైపాసు, స్లీవ్ అయినవారి రక్తములోనికి మద్యము త్వరగా ఎక్కును, హెచ్చుగా ఎక్కును. మునుపు తాళిన మోతాదే ఇపుడు మత్తులో ముంచును. 2012లో ప్రకటించిన ఒక అమెరికా పరిశీలనలో, ఆపరేషనయిన రెండవ సంవత్సరమున మద్యపు వ్యసనము మునుపటికంటె పెరిగినట్లు తేలినది. తిండి తగ్గినవాడు మనస్సు ఊరటకు మరియొకదానిని పట్టుకొనుట కలదు. చుట్ట, బీడీ, సిగరెట్టు కుట్టు వద్ద పుండును తెచ్చును. ఒళ్లునొప్పులకు దుకాణమున అమ్ము డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ మాత్రలును అంతే. నొప్పికి, జ్వరమునకు పారాసెటమాల్ వాడుకొనవచ్చును.

మాత్రలు మానరాదు

ఆపరేషను అయిన ఏడాదికి మనిషి తేలికపడును, మోకాళ్ల నొప్పి తగ్గును, పొలము గట్టున చకచక నడచును. అపుడే “ఇంకను ఈ మాత్రలెందుకు?” అను ఆలోచన పుట్టును. నిజమైన కష్టము ఇక్కడనే యున్నది. బి12 విటమినును ఒడిసిపట్టుటకు జీర్ణాశయమునుండి ఊరు రసములు కావలెను. ఆ జీర్ణాశయమే తరిగిపోయినది. ఐనను కాలేయములో పాత నిలువ ఉండుటచే రెండు మూడు సంవత్సరములు ఏ లోపమును కనిపింపదు. మాత్రలు మానినవాడు తానే గెలిచితిననుకొనును. ఆ పిదప అరికాళ్లు తిమ్మిరి, నడకలో పట్టుతప్పుట, రక్తహీనత బయటపడును. నరములకు తగిలిన దెబ్బ పూర్తిగా నయముకాకపోవచ్చును. ఇనుము, కాల్షియము, డి విటమిను కూడ జీవితాంతము తీసికొనవలసినవే. ఇనుపమాత్రను, కాల్షియము మాత్రను ఒకేసారి మ్రింగరాదు. రెండు గంటల ఎడము ఉండవలెను. ఇనుపమాత్రను టీతో తీసికొనినచో చాలభాగము వ్యర్థము. మన రాష్ట్రములలో స్త్రీలు సగమునకు పైగా రక్తహీనులే యని పైని చెప్పిన సర్వేయే తెలుపుచున్నది. ఈ శస్త్రచికిత్స పొందిన స్త్రీకి ఆ కొరత రెట్టింపగును. ఆరోగ్య కార్యకర్త వారమునకు ఒకటి చొప్పున ఇచ్చు ఇనుపమాత్ర వీరికి చాలదు.

మొదటి సంవత్సరమున మూడు, ఆరు, పండ్రెండు నెలలకును, ఆ పైని ఏటేటను రక్తపరీక్ష చేయించుకొనవలెను. నగరమునకు పోవు ఖర్చును తలంచి పలువురు దీనిని విడిచిపెట్టుదురు. ఏ పరీక్షలు ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున దొరకునో, వేటికి జిల్లా ఆసుపత్రికి పోవలెనో అక్కడి వైద్యాధికారిని అడిగి తెలిసికొనుట సభ్యుని పని. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములలో ఆరోగ్యమును కూడ చేర్చినది. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీలో సభ్యులకు స్థానము కలదు. ఆశా కార్యకర్తకు, ఏ.ఎన్.ఎం.కు ఈ మనిషి ఊరిలో ఉన్న సంగతి తెలిసియుండవలెను. ఐతే అతని అనుమతితోనే, వారికి మాత్రమే. ఎవరి కడుపునకు ఏ ఆపరేషనైనదో గ్రామసభలో చదువవలసిన విషయము కాదు. ఒళ్లు తగ్గి చర్మము వ్రేలాడుచున్నవానిని చూచి రచ్చబండ వద్ద నవ్వువారిని మందలించుటయు సభ్యుల చేతిలో పనియే.

స్త్రీల విషయము

బరువు తగ్గిన కొలది నెలలకే ఋతుక్రమము సరియై, మునుపు గర్భము నిలువని స్త్రీకి సైతము గర్భము నిలుచుట సామాన్యము. ఇంటివారికి ఇది సంతోషవార్త. కాని శరీరము తనకే చాలని స్థితిలో నుండగా బిడ్డకు పోషకములెక్కడివి? ఆపరేషను పిదప పండ్రెండు మొదలు పదునెనిమిది నెలల వరకు గర్భము రాకుండ చూచుకొనవలెనని వైద్యులు చెప్పుదురు. పెండ్లియైన కోడలిని “ఇంకను విశేషము లేదా?” అని అత్తవారు, అమ్మలక్కలు తొందరపెట్టుట ఈ గడువునకు పెద్ద విఘాతము. మహిళా సభ్యులు ఆ అత్తగారితో ఒకసారి మాటాడినచో చాల మేలగును. గర్భనిరోధమునకు ఉచితముగా దొరకు మాలా-ఎన్ మాత్రలను బైపాసు అయిన స్త్రీ నమ్ముకొనరాదు. ప్రేగు వాటిని సరిగా పీల్చుకొనకపోవచ్చును. కాపర్-టి వంటి సాధనమును గూర్చి డాక్టరును అడుగవలెను.

గడువు దాటి గర్భము ధరించిన స్త్రీ మొదటిసారి ఆరోగ్యకేంద్రమునకు పోయినపుడే తన ఆపరేషను సంగతి చెప్పి, తల్లీబిడ్డల కార్డుమీద వ్రాయించుకొనవలెను. ఏలయన, గర్భిణులకు మధుమేహపు పరీక్షకై 75 గ్రాముల గ్లూకోసును నీళ్లలో కలిపి త్రాగించుట నేటి వాడుక. బైపాసు అయిన స్త్రీ దానిని త్రాగినచో పైని చెప్పిన డంపింగ్ కలిగి అక్కడనే కూలబడవచ్చును. ఆమెకు వేరు పద్ధతిన, వ్రేలి రక్తమును కొన్ని దినములు చూచి, చక్కెరను నిర్ణయింపవచ్చును. కార్డుమీద ఆ ఒక్క పంక్తి వ్రాయబడియున్నచో, ఏ కొత్త ఏ.ఎన్.ఎం. వచ్చినను గ్లూకోసు గ్లాసు కలుపుటకు ముందే దానిని చదువగలదు.